నీటి పేరే గానీ.. అంతా నీరు కాదు!

కేజీ బేసిన్ లోతు బావుల్లో డ్రిల్లింగ్ ద్రవం కథ
చట్టం కోరేది ఒకటి.. సముద్రం కోరేది మరొకటి
లెక్కలు మత్స్యకార గ్రామాలకు చేరితేనే భరోసా

ఫిలింనగర్ (హైదరాబాద్): వేసవి వచ్చిందంటే జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వీధుల్లో బోరు లారీల రొద మామూలే. పైనున్న కొద్ది అడుగుల మట్టి వరకు కేసింగ్ పైపు దించి, ఆ కిందనున్న నల్లరాతిని కంప్రెసర్ గాలితో తొలుచుకుంటూ పోతారు. తెల్లటి రాతిపొడి గాలితోపాటు పైకి ఎగజిమ్మి చుట్టుపక్కల మేడల మీద, చెట్ల మీద పడుతుంది. వెయ్యి అడుగులు దాటినా రంధ్రం గోడ చెక్కు చెదరదు. కోట్ల ఏళ్లనాటి గట్టిరాయి కావడమే అందుకు కారణం. ఇక్కడ బోరుకు గాలి చాలు.

ఇదే పని కాకినాడ తీరానికి ఆవల, బంగాళాఖాతం అడుగున చేయాలంటే గాలితో సాగదు. అక్కడ ముందు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోతు నీరు. దాని కింద గోదావరి, కృష్ణా నదులు యుగాల తరబడి మోసుకొచ్చి పరచిన మెత్తని ఒండ్రు, బంకమట్టి. ఆ పొరల నడుమ అధిక పీడనంతో బిగిసి ఉన్న వాయువు. అక్కడ రంధ్రం కూలకుండా నిలిపేది, తొలిచిన రాతి తునకలను పైకి తెచ్చేది, అడుగునున్న వాయువు ఎగదన్నకుండా అణచిపెట్టేది ఒక్కటే. అదే డ్రిల్లింగ్ ద్రవం. రిగ్గుల మీద పనిచేసేవారు దాన్ని ‘మడ్’ అంటారు.

గోదావరి జిల్లాల నుంచి వచ్చి చిత్ర పరిశ్రమను నమ్ముకుని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ పరిసరాల్లో స్థిరపడిన కుటుంబాలు అనేకం. వారి సొంత ఊళ్ల ముందున్న సముద్రంలో జరుగుతున్న పని ఇది. కాకినాడ వద్ద ఒడ్డుకు చేరే సహజవాయువును గుజరాత్‌లోని భరూచ్ దాకా తీసుకెళ్లే గొట్టపుమార్గం తెలంగాణ మీదుగానే సాగుతుంది. కాబట్టి సముద్రంలోకి ఏ మడ్ దింపుతున్నారు, పని ముగిశాక దాన్ని ఎక్కడ పారబోస్తున్నారు అన్న ప్రశ్నలు ఒక్క తీరగ్రామాలకే పరిమితమైనవి కావు.

రెండు దశాబ్దాల వేట

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని లోతు సముద్ర ప్రాంతాన్ని కేంద్ర ప్రభుత్వం నూతన అన్వేషణ విధానం కింద 2000లో సంస్థలకు అప్పగించింది. డీ6 బ్లాకులో 2002లో రిలయన్స్ వాయు నిక్షేపాన్ని కనుగొంది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరిన ఉత్పత్తి ఆ తరువాతి ఏళ్లలో వేగంగా పడిపోయింది. మళ్లీ 2020 డిసెంబరులో అదే బ్లాకులోని ఆర్-క్లస్టర్ నుంచి వాయువు రావడం ప్రారంభమైంది. అక్కడ నీటిలోతే 2 వేల మీటర్లకు మించి ఉంది. పొరుగునున్న 98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో తొలి చమురు తీసింది. 3 వేల మీటర్లకు పైబడిన నీటిలోతులో సైతం భారత తూర్పు తీరానికి ఆవల బావులు తవ్విన సందర్భాలున్నాయి.

ఇన్ని బావులు తవ్వినా మడ్ గురించి బయట చర్చ జరిగింది తక్కువ. వాయువు ధర, వాటాలు, కోర్టు వివాదాలు పత్రికల మొదటి పేజీలకెక్కాయి. బావిలోకి పోసిన ద్రవం మాత్రం నిపుణుల గదుల్లోనే ఉండిపోయింది.

మూడు రకాలు.. మూడు తీర్లు

డ్రిల్లింగ్ ద్రవాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది నీటి ఆధారిత మడ్. మంచినీరో, సముద్రపు నీరో ఆధారంగా బెంటొనైట్ మట్టి, ముగ్గురాయి పొడి, లవణాలు, చిక్కదనానికి పాలిమర్లు కలిపి తయారు చేస్తారు. రెండోది నూనె ఆధారిత మడ్. పూర్వం డీజిలును, తరువాత విషప్రభావం తగ్గించిన ఖనిజ తైలాలను ఇందుకు వాడారు. మూడోది కృత్రిమ మడ్. రసాయనికంగా ప్రత్యేకంగా తయారు చేసిన ద్రవాలు దీనికి ఆధారం. నూనె మడ్ చేసే పనులన్నీ చేస్తుంది, హాని దానికంటే తక్కువ. ధర మాత్రం నీటి మడ్‌కు అనేక రెట్లు.

వీటిలో బరువు కోసం వాడే ముగ్గురాయికి, తెలుగు నేలకు విడదీయరాని బంధం ఉంది. పూర్వపు కడప జిల్లాలోని ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే అతి పెద్ద వాటిలో ఒకటిగా పేరొందింది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ తవ్వకాలు సాగిస్తోంది. నీటితో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా బరువుండే ఈ రాయిని మెత్తగా పొడిచేసి మడ్‌లో కలిపితే, ఆ ద్రవం బరువుతోనే అడుగునున్న వాయువును అణచి ఉంచవచ్చు. రాయలసీమ రాయి దేశవిదేశాల చమురు బావుల్లో కావలి కాస్తోందనడం అతిశయోక్తి కాదు.

బరువు తప్పితే ఏమవుతుందో కోనసీమకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అదుపు తప్పి ఎగజిమ్మిన మంటలు 65 రోజుల పాటు ఆరలేదు. ఊళ్లు ఖాళీ చేశారు. కొబ్బరి తోటలు మాడిపోయాయి. అది నేల మీది బావి కాబట్టి చుట్టూ నీళ్లు కొట్టడానికి, యంత్రాలు చేర్చడానికి వీలు చిక్కింది. రెండు కిలోమీటర్ల నీటి కింద అటువంటిదే జరిగితే మనిషి అక్కడికి చేరనే లేడు. రిమోట్‌తో నడిచే యంత్రాలే దిక్కు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2005 ఆగస్టు 30న జారీ చేసిన నోటిఫికేషన్ ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. సముద్రంలో డీజిలు ఆధారిత మడ్ వాడరాదు. నీటి ఆధారిత మడ్‌నే వాడాలి. భూగర్భ పరిస్థితుల వల్ల ఇబ్బంది తలెత్తితేనే, ఆరోమాటిక్ పదార్థాలు ఒక శాతం కన్న తక్కువ ఉన్న నూనె మడ్‌కు మినహాయింపు ఉంటుంది. నూనె మడ్ గానీ, కృత్రిమ మడ్ గానీ వాడదలచుకుంటే ఆ సంగతి మంత్రిత్వ శాఖకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి. నూనె మడ్ వాడినచోట రాతి తునకల్లో చిటికెడు కూడా సముద్రంలో పడరాదు. వాటిని తిరిగి భూగర్భంలోకి ఎక్కించాలి, లేదా ఒడ్డుకు తెచ్చి నీరు ఇంకని గుంటల్లో భద్రపరచాలి.

నీటి మడ్, కృత్రిమ మడ్‌ల నుంచి వచ్చిన తునకలను మాత్రం బాగా కడిగిన తరువాత సముద్రంలో వదలవచ్చు. అందుకూ షరతులున్నాయి. విషప్రభావ పరీక్షలో నెగ్గాలి. ఒక్కో బావికి సగటున గంటకు 50 బ్యారెళ్లకు మించకుండా, విడతలుగా వదలాలి. 50 బ్యారెళ్లంటే సుమారు 8 వేల లీటర్లు. జూబ్లీహిల్స్ వీధుల్లో తిరిగే 5 వేల లీటర్ల నీటి ట్యాంకరు ఒకటిన్నరకు పైమాట. ముగ్గురాయి పొడిలో పాదరసం కిలోకు ఒక మిల్లీగ్రాము, కాడ్మియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటరాదు. హెగ్జావాలెంట్ క్రోమియం పూర్తిగా నిషిద్ధం. ఏ రోజు ఎంత వదిలారో రాసి ఉంచాలి. ఆరు నెలలకోసారి మంత్రిత్వ శాఖకు నివేదిక పంపాలి.

కాగితం మీద ఇది మంచి నిబంధనే. చిక్కంతా సముద్రం దగ్గర మొదలవుతుంది.

నల్లరేగడి తెచ్చిన తంటా

తెలంగాణ, మహారాష్ట్ర పత్తి రైతులకు నల్లరేగడి స్వభావం బాగా తెలుసు. వాన పడితే ఉబ్బుతుంది, అడుగు తీసి అడుగు వేయనివ్వదు. ఎండ కాస్తే నెర్రెలు విచ్చుతుంది. దక్కన్ పీఠభూమిలోని ఆ నల్లమట్టినే గోదావరి, కృష్ణా నదులు కోసుకుపోయి సముద్రంలో పరిచాయి. కేజీ బేసిన్ అడుగునున్న బంకమట్టిలో నీరు తాగి ఉబ్బే ఖనిజం అధికంగా ఉండటానికి మూలం అదే.

అటువంటి మట్టిలో నీటి మడ్‌తో రంధ్రం తవ్వితే, మడ్‌లోని నీటిని గోడలు పీల్చుకుని ఉబ్బుతాయి. రంధ్రం ఇరుకవుతుంది. తునకలు ముద్దలుగా మారి డ్రిల్లు మొనకు అంటుకుంటాయి. పైపులు ఇరుక్కుపోతాయి. ఒక్కోసారి తవ్విన భాగాన్ని వదిలేసి పక్క నుంచి మళ్లీ మొదలు పెట్టాల్సి వస్తుంది. లోతు సముద్రంలో పనిచేసే రిగ్గు ఓడ ఒక్కరోజు అద్దె కోట్ల రూపాయల్లో ఉంటుంది. వారం రోజుల ఆలస్యమంటే ఎంత భారమో ఊహించుకోవచ్చు. నూనె మడ్‌తో గానీ, కృత్రిమ మడ్‌తో గానీ ఈ బెడద లేదు. మట్టికి నీరు తగలదు కనుక ఉబ్బదు.

నీటి మడ్‌ను ఈ పనికి తగినట్లు మలచే ప్రయత్నాలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. పొటాషియం క్లోరైడ్ కలిపితే మట్టి ఉబ్బడం తగ్గుతుంది. పాలిమర్లు తునకల చుట్టూ పొరలా ఏర్పడి అవి కరగకుండా కాపాడతాయి. గ్లైకాల్, అమైన్ వంటివి కలిపిన మెరుగైన నీటి మడ్‌లు నూనె మడ్ పనితీరుకు దగ్గరగా వస్తాయని పేరు తెచ్చుకున్నాయి. అయితే ఇన్ని కలిపిన తరువాత దాన్ని ‘నీరే కదా’ అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. పేరులో నీరున్నంత మాత్రాన అందులోని ప్రతి పదార్థం నీటంత నిరపాయకరం కాదు.

మంచుగడ్డలా మారే వాయువు

బంకమట్టి ఒక ఎత్తయితే చలి మరో ఎత్తు. ఉపరితలంలో గోరువెచ్చగా ఉండే బంగాళాఖాతం నీరు రెండు కిలోమీటర్ల లోతుకు వెళ్లేసరికి ఫ్రిజ్‌లోని నీటిలా చల్లబడుతుంది. పీడనం చూస్తే, ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున 2 వేల మీటర్ల వద్ద 200 రెట్లు. ఆ చలిలో, ఆ ఒత్తిడిలో నీరు, మీథేన్ వాయువు కలిస్తే మంచుగడ్డ వంటి పదార్థం ఏర్పడుతుంది. దీన్నే గ్యాస్ హైడ్రేట్ అంటారు.

బావిలోకి వాయువు చొరబడినప్పుడు దాన్ని అదుపు చేయడానికి సముద్రం అడుగున బావి నోటి మీద భారీ కవాటాల దొంతర ఉంటుంది. దానికి అనుబంధంగా సన్నని గొట్టాలు పైదాకా వస్తాయి. నీటి మడ్‌లోని నీటితో వాయువు కలిసి ఆ గొట్టాల్లో, కవాటాల్లో హైడ్రేట్‌గా గడ్డకడితే, అత్యవసర వేళ అవి పనిచేయవు. గొంతులో ముద్ద అడ్డుపడినట్లే. నివారణకు మడ్‌లో ఉప్పు, గ్లైకాల్ దట్టంగా కలపాలి. ఉప్పు పెరిగితే మడ్ బరువు పెరుగుతుంది. ఆ బరువు మరో సమస్యకు దారి తీస్తుంది.

ఈ భయం కేజీ బేసిన్‌లో ఊహామాత్రం కాదు. జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధక నౌక ఇక్కడ తవ్వి చూడగా, బంకమట్టి పగుళ్లలో వంద మీటర్లకు పైబడిన మందాన హైడ్రేట్ నిల్వలు కనిపించాయి. 2015లో జపాన్ నౌక చిక్యూతో మరో విడత పరిశోధన జరిగింది. ఈ నిల్వల అధ్యయనంలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పాత్ర కూడా ఉంది. భవిష్యత్తు ఇంధనంగా శాస్త్రవేత్తలు ఆశగా చూస్తున్న ఆ పదార్థమే డ్రిల్లింగ్ ఇంజినీరుకు ప్రమాద సంకేతం.

ముందు నుయ్యి.. వెనుక గొయ్యి

మడ్ బరువు తక్కువైతే వాయువు ఎగదన్నుతుంది. ఎక్కువైతే రంధ్రం గోడలు పగిలి, మడ్ ఆ పగుళ్లలోకి జారిపోతుంది. నేల మీది బావిలో ఈ రెండు హద్దుల నడుమ వెసులుబాటు ఎక్కువ. లోతు సముద్రంలో పైనున్న సగం బరువు రాతిది కాదు, నీటిది. అందువల్ల అడుగు పొరలకు బిగువు తక్కువ. హద్దుల మధ్య సందు చాలా ఇరుకు. దానికి తోడు అడుగున వేడి, పైన చలి. చలికి మడ్ చిక్కబడితే పంపు చేయడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, ఆ ఒత్తిడికి గోడ పగలవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ ఇరుకులో పొరపాటు జరిగితే ఏమవుతుందో 2010 ఏప్రిల్ 20న అమెరికా సమీపంలోని మెక్సికో సింధుశాఖలో ప్రపంచం చూసింది. సుమారు 1,500 మీటర్ల నీటిలోతులో ఉన్న మకాండో బావి పేలి 11 మంది మరణించారు. 87 రోజుల పాటు చమురు సముద్రంలోకి పారింది. అక్కడ వాడింది కృత్రిమ మడ్. బావిని తాత్కాలికంగా మూసే క్రమంలో ఆ బరువైన మడ్‌ను తొలగించి తేలికైన సముద్రపు నీటిని నింపుతుండగా, సరిగా పట్టని సిమెంటును తోసుకుని వాయువు పైకి వచ్చింది. తరువాత లీకుపై మూతలా దించిన ఉక్కు గోపురం కూడా హైడ్రేట్ గడ్డలతో పూడుకుపోయి విఫలమైంది. మడ్ ఏ రకమన్నది ఒక్కటే భద్రతను నిర్ణయించదు. దాన్ని ఎప్పుడు తీస్తున్నారు, ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు అన్నవి అంతకన్న ముఖ్యమని ఆ ప్రమాదం చాటింది.

పారబోత లెక్క

లోతు సముద్రపు బావిలో తొలి కొన్ని వందల మీటర్లను ఏ సంస్థయినా దాదాపు నీటి మడ్‌తోనే తవ్వుతుంది. ఆ దశలో బావికి, ఓడకు మధ్య గొట్టం ఉండదు. సముద్రపు నీరు, బెంటొనైట్ కలిపి పంపుతారు. అది తునకలతో సహా సముద్రం అడుగునే పరచుకుంటుంది. కవాటాల దొంతర, గొట్టం అమర్చిన తరువాతనే మడ్ ఓడ మీదికి తిరిగి వస్తుంది. అప్పుడే జల్లెడలతో తునకలను వేరుచేసి, మడ్‌ను మళ్లీ వాడటం సాధ్యమవుతుంది. అసలైన ఎంపిక, అంటే నీటి మడ్‌తో కొనసాగాలా, కృత్రిమ మడ్‌కు మారాలా అన్నది అక్కడి నుంచి మొదలవుతుంది.

సాధారణంగా నీటి మడ్ అంటే సముద్రానికి మేలని, కృత్రిమ మడ్ అంటే కీడని అనుకుంటారు. లెక్క అంత తేలిక కాదు. నీటి మడ్‌లో సన్నని మట్టి కరిగిపోతుంటుంది కాబట్టి పదేపదే పలచన చేయాలి, మిగిలింది పారబోయాలి. పారబోత పరిమాణం ఎక్కువ. ఖరీదైన కృత్రిమ మడ్‌ను ఒడ్డుకు తెచ్చి శుద్ధి చేసి మరో బావికి వాడతారు. పారబోత పరిమాణం తక్కువ, కానీ తునకలకు అంటిన ద్రవం అడుగున కుప్పపడి, కుళ్లే క్రమంలో అక్కడి ఆక్సిజన్‌ను హరిస్తుంది. ఏది మేలన్నది బావిని బట్టి, ప్రవాహాలను బట్టి తేలాల్సిన విషయం.

ఉత్తర సముద్రంలో ఐరోపా దేశాలు నేర్చుకున్న పాఠం ఇక్కడ గమనించదగింది. దశాబ్దాల క్రితం అక్కడ నూనె మడ్ తునకలను అడ్డూ అదుపూ లేకుండా పారబోశారు. వేదికల కింద అవి దిబ్బలుగా పేరుకుపోయాయి. ఆ తరువాత 2000లో నూనె మడ్, కృత్రిమ మడ్ తునకల పారబోతపై కఠిన ఆంక్షలు తెచ్చారు. పాత దిబ్బలు మాత్రం అలాగే ఉండిపోయాయి. అమెరికా నూనె మడ్ తునకల పారబోతను నిషేధించి, కృత్రిమ మడ్ తునకలకు పరిమితులతో అనుమతి ఇచ్చింది. భారత నిబంధన ఈ రెండో బాటకు దగ్గరగా ఉంది.

నీటి మడ్ తునకల ప్రభావం సాధారణంగా బావి చుట్టూ కొన్ని వందల మీటర్లకే పరిమితమని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. ముగ్గురాయి పొడి, మట్టి అడుగున పేరుకుని అక్కడి చిన్న జీవులను కప్పివేయడం అందులో ప్రధానమైనది. ఒక్క బావికి ఇది స్వల్పమే కావచ్చు. ఒకే ప్రాంతంలో పక్కపక్కన అనేక బావులు, ఏళ్ల తరబడి తవ్వే చోట మొత్తం లెక్క వేరుగా చూడాలి. అనుమతి ఇచ్చేటప్పుడు ఒక్కో ప్రాజెక్టును విడివిడిగా తూచే పద్ధతిలో ఈ ఉమ్మడి భారం తేలిగ్గా కనుమరుగవుతుంది.

నాలుగు రోజుల పరీక్ష చాలునా?

విషప్రభావ పరీక్షనే తీసుకుంటే, మైసిడ్ అనే చిన్న రొయ్య వంటి జీవిని 96 గంటలు ఆ ద్రావణంలో ఉంచుతారు. సగం జీవులు చనిపోవడానికి లీటరుకు 30 వేల మిల్లీగ్రాములకు మించి అవసరమైతే ఆ మడ్ నెగ్గినట్లు. మైసిడ్‌కు బదులు స్థానికంగా దొరికే సున్నిత సముద్ర జీవులపైనా పరీక్ష జరపవచ్చని నిబంధనే చెబుతోంది. కాకినాడ, అంతర్వేది, మచిలీపట్నం తీరాల్లో మత్స్యకారులకు జీవనాధారమైన రొయ్య జాతులపై ఆ పరీక్ష జరిపి ఫలితం ప్రకటిస్తే, స్థానికులకు నమ్మకం కలుగుతుంది. పైగా 96 గంటలంటే నాలుగు రోజులు. చస్తాయా, బతుకుతాయా అన్నదే ఆ పరీక్ష చెబుతుంది. అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రులో గుడ్లు, పిల్లలు ఏమవుతున్నాయన్నది అందులో తేలదు.

కోరంగి మడ అడవులు, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెలు, గుడ్లు పెట్టడానికి ఏటా వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి తరగని సంపద. గుర్తింపు పొందిన సున్నిత ప్రాంతాల్లో ఏ రకం తునకలనూ వదలరాదని, తీరానికి 5 కిలోమీటర్లలోపు వదిలితే హాని జరగకుండా చూడాలని నోటిఫికేషన్ చెబుతోంది. లోతు బావులు అంతకన్న దూరంలో ఉన్నందున ఈ షరతులు వాటికి నేరుగా తగలవు. అయితే వేట మాత్రం ఐదు కిలోమీటర్ల వద్ద ఆగిపోదు. ఉప్పాడ, కాకినాడ, భైరవపాలెం మరబోట్లు చాలా దూరం వెళ్తాయి. కట్టడాల చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయంలోకి వారికి ప్రవేశం లేదు. అక్కడ జరిగేది చూసే అవకాశం లేనివారికి, జరిగినది చెప్పే బాధ్యత సంస్థల మీద, ప్రభుత్వం మీద ఉంటుంది.

గొంతు వినిపించే వేదిక ఏదీ?

సముద్రంలో చమురు, వాయువు తవ్వకాలకు 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం కేంద్ర అనుమతి అవసరమయ్యేది. 2020 జనవరిలో చేసిన సవరణతో అన్వేషణ బావులను బీ2 విభాగంలోకి మార్చారు. ఆ విభాగంలో పూర్తిస్థాయి ప్రభావ నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. వాయువు దొరికి ఉత్పత్తి దశకు వెళ్లేటప్పుడే పాత పద్ధతి వర్తిస్తుంది. దిగుమతులు తగ్గాలంటే అన్వేషణ వేగం పెరగాలన్న ప్రభుత్వ వాదనలో న్యాయం లేకపోలేదు. దేశం తన అవసరాల్లో అధిక భాగం ముడి చమురును బయటి నుంచే కొంటోంది. కానీ కొత్త ప్రాంతంలో పొరల స్వభావం తెలియక మడ్ ఎంపికలో తడబాటు జరిగేది కూడా అన్వేషణ దశలోనే. ఆ దశలోనే ప్రజల గొంతుకు వేదిక లేకుండా పోయింది.

ఆరు నెలల నివేదికలు బహిరంగ పత్రాలని 2006 నోటిఫికేషనే చెబుతోంది. అడిగినవారికి ఇవ్వాలి, వెబ్‌సైటులో ఉంచాలి. ఇంగ్లిషులో, సాంకేతిక పదాలతో, వందల పేజీల్లో ఉండే ఆ పత్రం ఉప్పాడ మత్స్యకారునికి అందుబాటులో ఉన్నట్లా అంటే, ఉన్నట్లు కాదు.

చేయదగినది ఏమిటి?

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ఉన్న నిబంధనను గడప దాటించి గ్రామంలోకి తెస్తే చాలు. మొదటిది, ఏ బావిలో ఏ రకం మడ్ వాడుతున్నారు, నూనె లేదా కృత్రిమ మడ్‌కు ఎప్పుడు మారారు, కారణమేమిటి, ఎంత వదిలారు అన్న వివరాలను ఒకే పేజీలో, తెలుగులో, మత్స్యశాఖ కార్యాలయాల్లో, తీర గ్రామ పంచాయతీల్లో ప్రదర్శించాలి. రెండోది, పరీక్షలకు ఈ తీరపు రొయ్యలను, చేపలను ఎంచుకోవాలి. మూడోది, డ్రిల్లింగ్ మొదలు కాకముందు, ముగిసిన తరువాత అడుగు ఒండ్రును పరీక్షించే పనిని సంస్థలకు సంబంధం లేని పరిశోధకులకు అప్పగించాలి. ఒక్కో బావికి కాకుండా మొత్తం ప్రాంతానికి లెక్క కట్టాలి.

హైదరాబాద్‌లోని ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ, చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో మత్స్యకారులకు ఇప్పటికే సమాచారం పంపుతోంది. అదే దారిలో రిగ్గు ఓడలు ఎక్కడ ఉన్నాయి, ఆ వారం పారబోత ఉందా లేదా అన్న ముక్క కూడా చేరిస్తే ఖర్చు పెద్దగా పెరగదు. నమ్మకం మాత్రం పెరుగుతుంది.

చమురు సంస్థల వైపు నుంచి చూసినా ఇది లాభమే. ఎక్కడ నీటి మడ్‌తో పని సాగుతుందో అక్కడ దాన్నే వాడి, సాగని చోట కారణం చెప్పి కృత్రిమ మడ్‌కు మారితే తప్పుపట్టేవారుండరు. భద్రత కోసం తీసుకున్న నిర్ణయాన్ని కాలుష్యమని, ఖర్చు తగ్గించుకోవడానికి తీసుకున్న నిర్ణయాన్ని పర్యావరణ హితమని జనం పొరబడేది వివరాలు దాచినప్పుడే.

ఫిలింనగర్‌లో బోరు వేస్తే దుమ్ము పక్కింటి మీద పడుతుంది. పక్కింటివారు బయటకు వచ్చి నిలదీస్తారు, పని ఆపిస్తారు, గోనెపట్టాలు కట్టిస్తారు. రెండు కిలోమీటర్ల నీటి అడుగున పడే దుమ్మును నిలదీసే పక్కింటివారు లేరు. ఆ సముద్రాన్ని నమ్ముకుని వల వేసేవారే ఆ ఇంటికి పొరుగువారు. రోజువారీ లెక్క వారి చేతికి చేరినప్పుడే 2005 నాటి నిబంధన అమలైనట్లు. కేంద్ర పర్యావరణ శాఖ, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ దిశగా అడుగు వేయాల్సి ఉంది.